మెట్ల కింది తాళం

"ఇయ్యాల్టి పేపరేది?" వీరేందర్ వరండాలోంచి కేకేశాడు.

శ్రీవాణి వంటింటి గుమ్మం పక్కన నేల వైపు ఒకసారి చూసి, మళ్లీ ఉప్మా గిన్నె మీదికి వంగింది. లోపలికి వచ్చిన వీరేందర్ ఆ చూపు పోయిన చోటికే చూశాడు. పేపరు అక్కడుంది. జిల్లా పేజీ పైకి వచ్చేలా విప్పి, నాలుగు మూలలా నాలుగు ఉల్లిగడ్డలు బరువు పెట్టి పరిచి ఉంది. ఎడమ కాలువకు నీళ్లు వదిలే వార్త మీద అరచేయంత పసుప్పచ్చటి తడి.

"నిన్నటిది లేదా? అటక మీద ఆర్నెల్లయి పడి ఉన్నయి గదా!"

"అటకెక్కి దించేదాక అది ఆగుతదా? చేతికందింది పరిచిన."

"చేతికందితే నా చెక్‌బుక్కు గూడ పరుస్తవా?"

"పేపర్ మీద పోసిందని గిప్పుడు అడుగుతున్నరు. నిన్న నా చీర మీద పోసింది. ఎవరన్న అడిగిన్రా?"

"నేనింకా చదవలే వాణీ. గదీ నా బాధ."

"చదువుండ్రి. పై సగం ఎండే ఉన్నది."

బడికి బూట్లు వేసుకుంటున్న తార కిసుక్కున నవ్వింది. ఈ ఏడు పదో తరగతి. కుక్కపిల్ల కావాలని వేసవి సెలవులంతా ఏడ్చి సాధించింది ఆ పిల్లే. సాధించినదాన్ని తల్లికి అప్పగించి తను బడికి పోతోంది. కుర్చీ కింద ముడుచుకుని కూర్చున్న కుక్కపిల్ల తన పేరు ఎవరూ ఎత్తనందుకు సంతోషించినట్టు తోక ఒకసారి నేలకు కొట్టింది. రెండు నెలలది. నలుపూ గోధుమరంగూ కలిసి పాకంలోంచి తీసినట్టు ఉంటుందని తార దానికి జామూన్ అని పేరు పెట్టింది.

దేవుడి గదిలోంచి వెంకటనర్సమ్మ బయటికి వచ్చింది. శ్రీవాణి అత్తగారు. బొడ్డులో దోపుకున్న తాళంచెవుల గుత్తి ఆమె కంటే ముందు వినిపిస్తుంది.

"పొద్దుగాల్నే తడి కాయితం కోసం లొల్లేంది? నేనొక్క మాట చెప్తున్న, ఇనుండ్రి. ఐతారం నాడు చిన్నోడు, కరుణ వస్తున్నరు. గప్పటికి ఇది మంచిగ బయటికి పోవుడు నేర్సుకుంటే సరి. లేకుంటే వాళ్ల కార్లనే ఎక్కించి కోదాడకు తోలుత. నిన్న దేవుని గడప మీద పోసింది. నా కండ్లతోని సూసిన."

"నానమ్మా!" అంది తార.

"నానమ్మ లేదు, నాయనమ్మ లేదు. ఐతారం."

శ్రీవాణి పొయ్యి కట్టేసింది. పిల్ల ఏడుస్తుందన్న బాధకంటే ముందు ఆమెకు కరుణ మొహం గుర్తుకొచ్చింది. తోడికోడలు కారు వెనక సీట్లో జామూన్‌ను కూర్చోబెట్టుకుని, "పోనీలే అక్కా, నీకు ఓపిక చాల్లేదు, అంతే" అంటుంది. తప్పకుండా అంటుంది. ఒకే కాన్పు పిల్లలవి. ఒకటి కోదాడలో ఉండిపోయింది, రెండోది ఇక్కడికి వచ్చింది. కోదాడ పిల్ల పేరు లడ్డూ. అది మేడ మీది ఇసుక ట్రేలోకి వెళ్లి పని ముగించుకుని, వెనక కాళ్లతో ఇసుక తన్ని, కెమెరా వైపు చూసే వీడియో నిన్ననే వచ్చింది. కింద కరుణ రాసిన మాట: "మూడు రోజుల్లో నేర్చేసుకుందక్కా. మీదెంతవరకు వచ్చింది?"

శ్రీవాణి చదివింది బీఎస్సీ. ప్రాక్టికల్ రికార్డులో ఆమె గీసిన ఆకు కోత బొమ్మల్ని లెక్చరర్ వెనక బెంచీలకు తిప్పి చూపించేవాడు. కుక్కపిల్ల కోసం కూడా ఒక నోట్‌బుక్ పెట్టింది. ఎడమ గడిలో టైము, కుడి గడిలో చోటు. ఉదయం 5.50, సోఫా కాలు. 6.35, చెప్పుల స్టాండు. 7.05, పేపరు, బ్రాకెట్లో, "సగం". పదకొండు రోజులుగా ఒక్క గడి ఖాళీ వదల్లేదు. నోట్‌బుక్ నిండుతోంది కానీ కుక్కపిల్ల నేర్చుకోవడం లేదు.

గేటు దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. అంతే, కుర్చీ కింద ఉన్నది బాణంలా దూసుకుపోయింది. గోళ్లు బండల మీద జారి, గోడకు తగిలి, లేచి మళ్లీ పరుగెత్తింది.

"ఏం రో జామూనూ, ఏం లొల్లి పెట్టినవ్ పొద్దుగాల్నే?" అన్న గొంతు వినిపించింది.

కృపారాణి. చివ్వెంల నుంచి ఆరింటి ఆటోలో వస్తుంది. ఏడు దాటేసరికి ఇక్కడికి చేరి, ఊడ్చి, తుడిచి, గిన్నెలు తోమి, పక్క వీధిలో రెండిళ్లు చేసుకుని, పన్నెండుకు మళ్లీ ఈ ఇంటికి వచ్చి మధ్యాహ్నం గిన్నెలు ముగించి, ఒంటిగంటన్నర ఆటోలో వెళ్లిపోతుంది. నాలుగేళ్లుగా ఇదే వరస. శ్రీవాణి వారం రోజులు బిస్కెట్లు పెట్టి పిలిచినా ఇట్లా పరుగెత్తి రాని కుక్కపిల్ల, ఆమె చెప్పుల చప్పుడుకు పడుతూ లేస్తూ పోతుంది.

కృపారాణి తడి పేపరు ఎత్తింది. పారేయలేదు. తడిసిన మేరకు చింపి పక్కన పెట్టి, మిగిలింది మడిచి వీరేందర్ ముందున్న బల్ల మీద ఉంచింది. ఆయన నవ్వాడు. శ్రీవాణి ఆ నవ్వు చూసింది.

"అమ్మా, వాన ఇడుస్తలేదు. వాకిట్లకు తీస్కపోతే ఒణుకుతది గానీ పొయ్యదు. మెట్ల కింది గది తాళం తీస్తే, గీ ముక్క ఆడ పరుస్త. దాని వాసన దానికే తెలుస్తది గదా."

మెట్ల కింద ఒక చిన్న మరుగుదొడ్డి ఉంది. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీల కోసం కట్టించింది. ఇల్లు పూర్తయిన రోజు వెంకటనర్సమ్మ దాన్ని బ్లీచింగ్ వేసి కడిగించి తాళం పెట్టింది. ఆ తాళం పండక్కీ పబ్బానికీ, చుట్టాలు ఎక్కువైనప్పుడు తీస్తుంది.

వెంకటనర్సమ్మ ఒక క్షణం ఆలోచించింది. దేవుని గడప గుర్తుకొచ్చినట్టుంది. గుత్తిలోంచి చెవి ఒకటి విడదీసి, కృపారాణికి కాకుండా శ్రీవాణి చేతిలో పెట్టింది.

"కుక్క కోసమంటే సరే. ఇంకెవరి కోసం గాదు. పొద్దుమూకంగ తాళమేసి నాకియ్యి."

గురువారం శ్రీవాణి తన పద్ధతి ప్రకారం నడిచింది. తిన్న పావుగంటకు, నిద్ర లేవగానే, ఆట అయిన వెంటనే. ఫోనులో చూసింది, రాసుకుంది. తొమ్మిదింబావుకు జామూన్‌ను ఎత్తుకుని మెట్ల కింది గదిలోకి వెళ్లి, నీళ్లు పోయే జాలీ పక్కన పేపరు ముక్క మీద నిలబెట్టింది. అది పేపరును వాసన చూసింది. ఆమె పాదాన్ని వాసన చూసింది. కూర్చుని, తలుపు వైపు చూడసాగింది.

"పొయ్యి," అంది శ్రీవాణి.

చూసింది.

"జామూన్, పొయ్యి."

ఆవలించింది.

పది నిమిషాలు నిలబడింది. నడుము నొప్పెట్టి లోపలికి తీసుకొచ్చి నేల మీద వదిలిందో లేదో, అది ఫ్రిజ్ పక్కకు నడిచి, ఎంతో తీరిగ్గా, ఆమె కళ్లలోకి చూస్తూ పని కానిచ్చింది. శ్రీవాణికి ఆ చూపు మరీ కష్టమనిపించింది.

పన్నెండుకు కృపారాణి వచ్చింది. కొంగు నడుముకు దోపుకుని, కుక్కపిల్లను ఎత్తుకోను కూడా లేదు. "దా," అని ముందు నడిచింది. అది వెంట వెళ్లింది. తలుపు మూసుకుంది. పసిపిల్లలకు పోయించేటప్పుడు తల్లులు చేసే చప్పుడు, "ఉస్స్... ఉస్స్..." అని సన్నగా వినిపించింది. కాసేపటికి నీళ్లు చల్లిన చప్పుడు.

"అయిపోయిందమ్మా," అని బయటికి వచ్చింది. వెనక జామూన్, ఏదో పరీక్ష పాసైనట్టు తోక నిలబెట్టుకుని.

శ్రీవాణి నోట్‌బుక్‌లో 12.10 అని రాసి, ఎదురుగా "మెట్ల కింద" అని రాసింది. మొదటిసారి సరైన చోట. కానీ తన చేతి రాతే తనకు నచ్చలేదు.

సాయంత్రం దుకాణం నుంచి వచ్చిన వీరేందర్‌కు తార సంగతంతా చెప్పింది. ఆయనది ఎరువుల దుకాణం. యూరియా లారీ వచ్చిన రోజులు, మనిషి అలిసిపోయి ఉన్నాడు. అయినా మొహం విప్పారింది.

"ఆమె చెయ్యి గసొంటిది. పొయిన ఏడు ఎండిపోయిన కరివేపాకు చెట్టు గూడ ఆమె నీళ్లు పోస్తేనే చిగురు పెట్టింది, యాదికున్నదా?"

"మమ్మీ కూడా రోజూ పోసింది డాడీ," అంది తార.

"పోసింది. గానీ చెయ్యి చెయ్యే గదా."

శ్రీవాణి ఆయన పళ్లెంలో అన్నం వడ్డించి, పప్పు వడ్డించి, వంటింట్లోకి వెళ్లింది. ఆయన తినే పప్పులోకి వేసిన కరివేపాకు ఆ చెట్టుదే. దుయ్యడం, కడగడం, పోపు పెట్టడం ఎవరి చేతులతో అయ్యాయో ఈ ఇంట్లో ఎవరికీ గుర్తుండదు.

శుక్రవారం ఆమె "ఉస్స్" అనే చప్పుడు నేర్చుకుంది. తలుపు మూసి, ఎవరూ వినకుండా, నాలుక పళ్ల మీద ఆనించి రెండుసార్లు అని చూసుకుంది. తారను పెంచిన మనిషికి ఆ చప్పుడు కొత్త కాదు, కానీ పదిహేనేళ్లయింది. జామూన్ తల పక్కకు వాల్చి విన్నది. శ్రీవాణి వెనక ఉన్న తలుపు సందులోకి చూసింది. ఆ చప్పుడు చేసేది ఇంకో మనిషి కదా, ఎక్కడుంది, అన్నట్టు వెతికింది. శ్రీవాణికి చెంపలు వేడెక్కాయి. రెండు నెలల కుక్కపిల్ల ముందు సిగ్గుపడటం ఏమిటని తనను తనే కసురుకుంది.

ఆ రోజు పన్నెండుకు ఆమె అల్లం వేసి టీ పెట్టింది. కృపారాణి కోసం వెనక కిటికీలో ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉంటుంది. అది వెంకటనర్సమ్మ ఏర్పాటు. శ్రీవాణి ఆ గ్లాసు ముట్టలేదు. తాము తాగే పూల కప్పుల్లోంచే ఒకటి తీసి, నిండా పోసి, పెరటి మెట్టు మీద పెట్టింది. ఈ సంగతి కృపారాణి గమనించాలని ఆమెకు ఉంది.

"టీ తాగు కృపా."

"వద్దమ్మా. ఇప్పుడే తాగొచ్చిన."

"ఎక్కడ తాగొచ్చినవ్?"

కృపారాణి గిన్నెకు పీచు గట్టిగా రుద్దింది. "వద్దులే అమ్మా. కడుపుల మంచిగ లేదు."

సోమవారం కూడా కడుపులో నొప్పి అనే దవాఖానకు పోయింది, ఒక పూట రాలేదు. శ్రీవాణి అప్పుడు అడిగిన ఒకే ప్రశ్న, "రేపైతే వస్తవు గదా?"

కప్పు మెట్టు మీద చల్లారింది. పైన మీగడ కట్టింది. శ్రీవాణి దాన్ని చూస్తూ ఎదురింటి మెట్లు తలుచుకుంది. అక్కడ గవర్నమెంటు బడి టీచరమ్మ ఉండేది. మొన్న జూన్‌లో ట్రాన్స్‌ఫరై మిర్యాలగూడ వెళ్లిపోయింది. ఆమె ఉన్న రోజుల్లో కృపారాణి ఆ ఇంటి మెట్ల మీద కూర్చుని, గ్లాసు రెండు చేతుల మధ్య పెట్టుకుని, ఊదుకుంటూ, నిమ్మళంగా టీ తాగడం శ్రీవాణి వంటింటి కిటికీలోంచి ఎన్నిసార్లు చూసిందో. తను వంటింట్లో ఏ పనిలో ఉన్నా ఆ సమయానికి కిటికీ దగ్గరికి వచ్చేది. ఈ ఇంట్లో నాలుగేళ్లలో కృపారాణి టీ ముట్టలేదు, మంచినీళ్లు కూడా అడగలేదు. ఏం, మా ఇంటి చక్కెర తీపి కాదా? కుక్కను తిప్పుకుంది, నా మొగుడి మెప్పు పొందింది, కప్పులో పోసిచ్చినా మెట్టు మీదే వదిలింది. పొగరు. ఇంకో మాట లేదు.

కృపారాణి కుక్కకు ఏదో పెడుతున్నదని అప్పుడు తట్టింది ఆమెకు. లేకపోతే కుక్క ఊరికే ఎవరి వెంట పోతుంది? ఎండుచేప ముక్కో, బొక్కో కొంగున కట్టుకొచ్చి, తలుపు మూసి పెడుతోంది. అందుకే తలుపు మూస్తుంది.

శనివారం పన్నెండుకు ముందే శ్రీవాణి తడిబట్టల బకెట్ పట్టుకుని మేడ మెట్లెక్కింది. పైకి పోలేదు. ఆరో మెట్టు మీద కూర్చుంది. సరిగ్గా ఆమె కాళ్ల కింద ఆ గది. బట్టలు ఆరేయడానికి పోతున్న మనిషి కొంచెం అలిసి కూర్చుంది, అంతే.

చెప్పుల చప్పుడు. గోళ్ల పరుగు. "దా," అన్న మాట. తలుపు మూసుకుంది. "ఉస్స్... ఉస్స్..." తర్వాత ఏమీ లేదు. శ్రీవాణి ఫోనులో టైము చూసింది. ఒక నిమిషం. రెండు. కుక్కపిల్ల పనికి అర నిమిషం చాలు, అది ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. మూడో నిమిషానికి నీళ్ల మగ్గు బకెట్ అంచుకు తగిలిన చప్పుడు. నీళ్లు. మళ్లీ నీళ్లు. తర్వాత చీపురుతో గట్టిగా, ఆగకుండా రుద్దిన చప్పుడు. ఐదు నిమిషాలు. ఆరు.

శ్రీవాణి దిగి వచ్చి తలుపు ముందు నిలబడింది. అదే సమయానికి తలుపు తెరుచుకుంది.

కృపారాణి చీర కుచ్చెళ్లు కిందికి దించుకుంటోంది. పాదాలు తడిసి ఉన్నాయి. వాటి మధ్య జామూన్.

శ్రీవాణి మెట్ల మీద కూర్చుని సిద్ధం చేసుకున్న ప్రశ్న అప్పటికే నోటి దాకా వచ్చింది. "ఏం పెడుతున్నవ్ దానికి?"

కృపారాణికి అర్థం కాలేదు. "ఏం పెట్టలేదమ్మా... నేనే... తప్పయింది. కడిగేసిన. రెండుసార్లు కడిగిన, సూడుండ్రి. పెద్దమ్మకు చెప్పకుండ్రి మీ కాళ్లు మొక్కుత."

శ్రీవాణి గదిలోకి చూసింది. తెల్లని బేసిన్, జాలీ, మూల ఆనించిన చీపురు. ఇంట్లో ఏ గదీ అంత శుభ్రంగా లేదు.

"ఎన్ని రోజుల నుంచి?"

"బుధారం నుంచి. తాళం తీసిన కాడి నుంచి."

"అంతకుముందు?"

"టీచరమ్మ ఇంట్ల పోనిచ్చేది. ఆమె పొయ్యింది గదా జూన్ల."

"మరి జూన్ నుంచి?"

కృపారాణి తలుపు గడియను బొటనవేలితో రుద్దుతూ నిలబడింది. మరక ఏదీ లేదు దాని మీద.

"నీళ్లు తాగనమ్మా," అంది.

జామూన్ ఇద్దరి మధ్యా కూర్చుని ఒకరి తర్వాత ఒకరి మొహం చూసింది.

"దానికి నేను నేర్పింది గూడ ఏం లేదు. నేను పోయినప్పుడల్లా ఎంబడి వస్తది. నేను కూసుంటే, అది గూడ నన్ను సూసి కూసుంటది. గంతే."

"సరే," అంది శ్రీవాణి. "అత్తమ్మకు చెప్పనులే. పోయి పని చూసుకో."

ఆ మాట అన్నప్పుడు ఆమె మనసులో ఏముందో ఆమె తర్వాత ఎవరికీ చెప్పుకోలేదు. జాలి వచ్చింది, నిజమే. కానీ దానికంటే ముందు వచ్చింది సంతోషం. మాయా లేదు, మంత్రం లేదు, చెయ్యీ లేదు. ఈ సంగతి అత్తగారి చెవిన ఒక్క మాట వేస్తే సోమవారం నుంచి ఆ చెప్పుల చప్పుడు ఉండదు. వెయ్యకపోతే ఇంకా మంచిది. ఇక నుంచి కృపారాణి తన మాట జవదాటదు. టీ ఇస్తే తాగుతుంది.

మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుండగా ఆమె నోట్‌బుక్ తెరిచి 12.05 అని రాసింది. ఎదురు గడిలో "మెట్ల కింద" అని రాయబోయి ఆగింది. వెనక్కి పేజీలు తిప్పింది. పొద్దున్నుంచి పొద్దుమూకే దాకా రోజుకు తొమ్మిది సార్లు, పది సార్లు. ఒక చోట పద్నాలుగు. కుక్కపిల్ల గంటన్నరకు మించి ఆగలేదని పై అంచున తనే ఎర్ర పెన్నుతో రాసి గీత కొట్టింది. ఆరింటి ఆటో. ఒంటిగంటన్నర ఆటో. వేళ్లు మడవాల్సిన పని లేదు, అయినా మడిచింది.

నోట్‌బుక్ మూసి, అల్మారాలోంచి ఒక కొత్త సబ్బు తీసింది. కాగితం చింపి, మెట్ల కింది గదిలో కుళాయి పక్క గూట్లో పెట్టి వచ్చింది. ఆ సాయంత్రం తాళమేసి చెవి అత్తగారికి అప్పగించింది.

ఆదివారం కృపారాణి ఎనిమిదిన్నరకే పని ముగించింది. చివ్వెంలలో ప్రార్థన ఉంటుంది ఆమెకు. చుట్టాలు తిన్న గిన్నెలకు మళ్లీ రెండింటికి వస్తానంది. వెళ్లే ముందు శ్రీవాణి పూల కప్పులో టీ పోసి మెట్టు మీద పెట్టింది.

"తాగు."

కృపారాణి తాగింది.

నిలబడే తాగింది. ఊదుకోలేదు. పొగలు కక్కుతున్న టీని మూడు గుక్కల్లో గొంతులోకి దించుకుని, నాలుక కాలినందుకు కళ్లలో నీళ్లు తిరిగితే కొంగుతో తుడుచుకుని, కప్పు కడిగి బోర్లించి, "పోయొస్తనమ్మా," అంది, తలెత్తకుండా. టీచరమ్మ మెట్ల మీద తాగిన టీ కాదది. శ్రీవాణి ఆ మాట తనతో తను అనుకోవలసి వచ్చింది. భయపెట్టి మందు తాగించినట్టు తాగించింది తను.

పదకొండింటికి కోదాడ నుంచి కారు వచ్చింది. మరిది జితేందర్ కంటే ముందు కరుణ దిగింది. "అక్కా, ఏదీ మా పిల్ల? బాగా చిక్కిపోయిందా ఏంటి?" అంటూ జామూన్‌ను చంకనేసుకుంది. జామూన్ ఆమె చెవి కమ్మ నాకింది. కాసేపటికి చంకలోంచి జారి, హాలు దాటి, వాకిట్లోకి నడిచి, మెట్ల కింది తలుపు ముందు నిలబడి గోళ్లతో గీరింది. తార పరుగెత్తి తలుపు తీసింది. అది లోపలికి పోయి, జాలీ పక్కన పని ముగించుకుని బయటికి వచ్చింది. తార చప్పట్లు కొట్టింది. జితేందర్ విజిల్ వేశాడు.

"అమ్మో! మా లడ్డూ ఇంకా ఇంత నీటుగా వెళ్లదు. ఎవరు నేర్పారు బావగారూ?" అంది కరుణ.

"ఇంకెవరు? మా కృపారాణి," అన్నాడు వీరేందర్.

"మరి అక్క పుస్తకం రాస్తోందన్నావు కదే తారా?"

"రాసింది. రాసేటోళ్లు రాస్తరు, చేసేటోళ్లు చేస్తరు," అని వీరేందర్ నవ్వాడు. అందరూ నవ్వారు. శ్రీవాణి కూడా నవ్వింది. నవ్వకపోతే ఇంకా అడుగుతారు.

ఒంటిగంటన్నరకు భోజనాలకు కూర్చున్నారు. బగారన్నం, నాటుకోడి కూర, పెరుగు చట్నీ. "నువ్వు కూడా కూర్చో అక్కా, ఎవరికి కావాల్సింది వాళ్లు వడ్డించుకుంటారు," అని కరుణ చెయ్యి పట్టి లాగితే శ్రీవాణి కూడా కూర్చుంది. జామూన్ బల్ల కింద తిరిగి తిరిగి, చివరికి ఆమె పాదం మీద గడ్డం ఆనించి పడుకుంది. పదిహేను రోజుల్లో మొదటిసారి. వెచ్చగా, చిన్న బరువు. ఆమె కాలు కదపకుండా, ముద్ద కలపడం కూడా మెల్లగా కలిపింది.

"నేర్సుకుంటే నేర్సుకున్నది గానీ," అంది వెంకటనర్సమ్మ, బొక్క పక్కన పెడుతూ, "నాకొకటి అర్థమైతలేదు. పొద్దున తాళం నేనే తీసి ఆ గది సూసిన. గూట్ల కొత్త సబ్బు బిళ్ల ఉన్నది. కుక్క సబ్బు పెట్టుకుంటదా?"

వెంకటనర్సమ్మ పెరుగు చట్నీ వడ్డించుకుంది.

"బకెట్ నిండుగ ఉంటున్నది. మగ్గు తడిగ ఉంటున్నది. కుక్క పేరు జెప్పి ఆమెనే పోతున్నది. మనింట్ల సబ్బే తీసి పెట్టుకున్నది గూడ. వస్తది గదా రెండింటికి, నేనే అడుగుత. రేపటి నుంచి వేరే మనిషిని సూసుకుందాం. నేర్సుడు గూడ అయిపాయె, ఇగ దాంతోని పనేముంది?"

"పోతే ఏమైతది నానమ్మా?" అంది తార.

"నువ్వు తిను."

"ఈ రోజుల్లో పనివాళ్లు దొరకడం కష్టం అత్తయ్యా," అంది కరుణ, ఎటూ కాకుండా.

వీరేందర్ కూర గిన్నె దగ్గరికి జరుపుకున్నాడు.

శ్రీవాణి పళ్లెంలోకి చూసింది. తను ఏమీ చెయ్యక్కర్లేదు. నోరు మూసుకుని ఈ ముద్ద తింటే చాలు. పని అత్తగారు చేస్తారు, మాట అత్తగారు పడతారు. గేటు దగ్గర ఆ చప్పుడు ఆగిపోతుంది. పాదం మీది ఈ బరువు రేపూ ఉంటుంది, ఎల్లుండీ ఉంటుంది. ఇంకెవరి కోసమూ తలుపు సందులోకి చూడదు.

పాదం మీద కుక్కపిల్ల నిద్రలో నిట్టూర్చింది.

"ఆ సబ్బు నేను పెట్టిన, అత్తమ్మా."

వెంకటనర్సమ్మ తలెత్తింది. "కుక్కకా?"

"కృపారాణికి."

"వాణీ," అన్నాడు వీరేందర్ మెల్లగా, "తర్వాత మాట్లాడుకుందాం."

"తర్వాతెప్పుడండి? ఆమె రెండింటికి వస్తది." తన గొంతు ఇంత మామూలుగా ఉండటం ఆమెకే వింతగా ఉంది. "పొద్దున ఆరింటికి ఆటో ఎక్కుతది. ఒంటిగంటన్నరకు ఎక్కుతది మళ్లా. మధ్యల మన ఇల్లు, ఇంకో రెండిళ్లు. నీళ్లు తాగుతలేదట. దవాఖానకు పోయింది గందుకే. మనం కుక్కకు ఆ గది ఇచ్చినం, ఆమెతోని కడిగిచ్చినం."

"గట్లని? ఇల్లు మనది. ఇయ్యాల గది అంటది, రేపు..."

"ఆమె ఏమనలేదు. నాలుగేండ్లల ఏమన్నదో చెప్పుండ్రి."

అప్పుడే గేటు చప్పుడైంది. చెప్పులు విడిచిన చప్పుడు. బల్ల కింద బరువు ఒక్కసారిగా లేచింది. గోళ్లు బండల మీద జారాయి, కుర్చీ కాలికి తగిలాయి, హాలు దాటి పోయాయి. శ్రీవాణి పాదం మీద వెచ్చగా ఉన్నచోట ఫ్యాను గాలి తగిలి చల్లబడింది. గుండెలో కలుక్కుమంది. అది తగ్గలేదు, తగ్గుతుందని ఆమె అనుకోనూ లేదు.

కుడిచెయ్యి ఎంగిలిది. ఎడమచెయ్యి బల్ల మీదుగా అత్తగారి ముందుకు చాపింది.

"ఇయ్యాల్టి నుంచి ఆ గది కృపారాణిది. తాళంచెవి ఆమె కొంగుకే ఉంటది, ఎవరిని అడిగే పని ఉండదు. జామూన్‌కు రేపటి నుంచి వాకిట్ల నేను నేర్పుత, మొదటి నుంచి. నాతోని కాకుంటే, కరుణా, నువ్వే వచ్చి కార్ల తీస్కపో, నేనేమనుకోను. ముందు చెవి ఇయ్యుండ్రి, అత్తమ్మా. చెయ్యి ఎండిపోతున్నది."